ఆయిల్ ప్రెషర్ అక్యుములేటర్

ఆయిల్ ప్రెషర్ అక్యుములేటర్ అనగా మోటారు వాహనపు ఇంజనులో ప్రవహించే నూనెలో కొంత భాగాన్ని పీడనంతో సహా నిల్వ ఉంచుకొని, ఆయిల్ పంపు నుండి వచ్చే ధార తెగిన క్షణంలో ఆ నూనెను తిరిగి ఇంజనుకు అందించే పరికరం. చూడటానికి ఇది జానెడు మొదలు మూరెడు పొడవు గల అల్యూమినియం గొట్టం వలె ఉంటుంది. ఒక గట్టి రబ్బరు పైపు ద్వారా దీనిని ఇంజనుకు కలుపుతారు. తెలుగులో దీనిని చమురు పీడన సంచాయకం అనవచ్చును గాని మెకానిక్కుల వాడుకలో ఆ మాట లేదు. అందువలన ఈ వ్యాసంలో అక్యుములేటర్ అన్న మాటనే వాడటం జరిగింది. విద్యుత్తును నిల్వ చేసే బ్యాటరీని కూడా కొన్ని పాత పుస్తకాలలో అక్యుములేటర్ అనే వ్రాశారు, ఇది వేరు.

ఈ పరికరం ప్రధానంగా పందెపు కార్ల కొరకు ఉద్దేశించినది. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో తిరుమల, భాకరాపేట, మొగిలి వంటి ఘాట్ రోడ్లు ఉన్నందున, మలుపుల్లో ఇంజనుకు నూనె అందదేమో, ఇటువంటి పరికరం అమర్చుకోవాలేమో అన్న సందేహం ఇక్కడి కారు యజమానులకు రావడం సహజం. అద్దె కారు నడిపి బ్రతికేవారికి ఇంజను పోవడం అంటే నెలల సంపాదన పోవడమే. కనుక ఈ పరికరం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలుసుకోవడం అవసరం.

ఇంజనులో నూనె చేసే పని

"కందెన వేయని బండికి కావలసినంత సంగీతం" అని సామెత. ఎద్దుల బండి ఇరుసుకు కందెన లేకపోతే కీచుమని మొరపెట్టుకుంటుంది, ఇరుసు అరుగుతుంది, అయినా బండి ఇల్లు చేరుతుంది. కారు ఇంజనుకు అంతటి ఓర్పు లేదు.

ఇంజనులో పిస్టన్ల (పాఠ్యపుస్తకాలలో ముషలకాలు) కదలికను భ్రమణంగా మార్చేది క్రాంకు షాఫ్టు. సైకిలు చక్రంలో ఉన్నట్లు దీనికి గుండ్ల బేరింగులు ఉండవు. రెండు అర్ధవలయాకారపు లోహపు చిప్పల నడుమ ఇది తిరుగుతుంది. షాఫ్టుకూ చిప్పకూ మధ్య ఖాళీ మిల్లీమీటరులో కొన్ని నూరవ వంతులు మాత్రమే, అంటే తల వెంట్రుక మందం కంటే తరచుగా తక్కువే. ఆ సందులో నూనె నిండి ఉంటుంది. నిమిషానికి కొన్ని వేల సార్లు తిరుగుతున్నా లోహానికి లోహం తగలకుండా కాపాడేది ఆ పలుచని నూనె పొర.

ఆ పొర ఎలా నిలుస్తుందన్న విషయం 19వ శతాబ్దపు చివరి వరకు ఎవరికీ సరిగా తెలియదు. 1883లో ఇంగ్లండులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు బండి బేరింగుల మీద ప్రయోగాలు చేస్తూ, నూనె పోయటానికి బేరింగు పైభాగంలో ఒక రంధ్రం చేయించాడు. షాఫ్టు తిరగగానే నూనె లోపలికి పోవటానికి బదులు ఆ రంధ్రం గుండా పైకి పొంగింది. బిరడా పెట్టి మూస్తే బిరడాను కూడా నెట్టివేసింది. తిరిగే షాఫ్టే నూనెను సందులోకి లాగి, మోయవలసిన బరువుకు సరిపడే పీడనాన్ని పుట్టించుకుంటున్నదని అప్పుడు తెలిసింది. 1886లో ఓస్బోర్న్ రేనాల్డ్స్ దీనికి గణిత సిద్ధాంతం ఇచ్చాడు.

దీనినుండి గ్రహించవలసిన సంగతి ఒకటున్నది. షాఫ్టును మోసేది ఆయిల్ పంపు కాదు. మోసే పొరను షాఫ్టే తయారు చేసుకుంటుంది. అయితే ఆ పొరలోని నూనె బేరింగు రెండు పక్కల నుండి నిరంతరం కారిపోతూ ఉంటుంది. కారిన నూనెకు బదులు కొత్త నూనె పంపటమే పంపు పని. పంపు ధార తెగితే పొర ఆ క్షణమే మాయం కాదు గాని, వేగంగా తిరిగే ఇంజనులో కొన్ని సెకన్లలోనే పలుచబడి లోహాలు రాసుకుంటాయి. రాపిడికి వేడి, వేడికి చిప్ప మీది మెత్తని లోహం కరగడం, ఆపై చిప్ప తన చోటు నుండి తిరిగిపోవడం వరుసగా జరుగుతాయి. బయటికి వినిపించేది టకటకమనే శబ్దం. మెకానిక్కులు "బేరింగు కొట్టింది" అనేది దీనినే. ఇంకా నడిపితే ఇంజను పట్టివేస్తుంది.

ధార ఎందుకు తెగుతుంది

ఇంజను అడుగున నూనె నిలిచే తొట్టిని సంప్ అంటారు; మన ప్రాంతపు షెడ్లలో ఆయిల్ చాంబర్ అన్న మాట ఎక్కువ. చిన్న కారులో 3 నుండి 4 లీటర్ల నూనె పడుతుంది. ఇంజను తిరుగుతున్నప్పుడు అందులో కొంత ఫిల్టరులో, దారులలో, పైన హెడ్‌లో ఉంటుంది కనుక చాంబరులో మిగిలేది అంతకంటే తక్కువ. పంపు తాలూకు పీల్చే గొట్టం చాంబరు అడుగుకు కొద్ది ఎత్తులో, జల్లెడ మూతితో ఉంటుంది. ఆ మూతి నూనెలో మునిగి ఉన్నంతసేపు చిక్కు లేదు. తేలితే పంపు గాలిని పీలుస్తుంది. గాలి సులభంగా నొక్కుకుపోయేది కనుక పీడనం ఒక్కసారిగా పడిపోతుంది. మూతి మళ్ళీ మునిగిన తరువాత కూడా దారులలో చేరిన గాలి బయటికి పోయేదాకా కొంత ఆలస్యం తప్పదు.

బస్సులో చేత చెంబుడు నీళ్ళు పట్టుకొని కూర్చున్నవారికి ఇందులో వివరించవలసినది లేదు. బస్సు మలుపు తిరిగితే నీరు బయటి అంచుకు ఎగబాకుతుంది, బ్రేకు వేస్తే ముందుకు, ఎత్తు ఎక్కితే వెనుకకు పోతుంది. నీటి మట్టం ఎంత వంగుతుందనేది మలుపులోని త్వరణానికీ గురుత్వ త్వరణానికీ గల నిష్పత్తిని బట్టి ఉంటుంది. ఆ రెండూ సమానమైతే మట్టం 45 డిగ్రీలు వంగుతుంది. మంచి టైర్లు గల పందెపు కారు ఆ స్థితికి చేరుకుంటుంది, ఒక్కొక్కప్పుడు దాటుతుంది. అదీగాక ఆ సమయంలో దాని ఇంజను గరిష్ఠ వేగంతో తిరుగుతూ ఉంటుంది. నూనె అత్యవసరమైన క్షణం, నూనె దొరకని క్షణం ఒకటే కావడం పందెపు కారుకు గల దురవస్థ.

మోటారు సైకిళ్ళకు ఈ బాధ లేదు. మలుపులో బండి తానే లోపలికి ఒరుగుతుంది కనుక బండితో పోల్చి చూస్తే నూనె మట్టం చదునుగానే ఉంటుంది.

కార్లలో ఇంజను అమరికను బట్టి కూడా తేడా ఉన్నది. ముందు చక్రాలు లాగే చిన్న కార్లలో ఇంజను అడ్డంగా ఉంటుంది. మలుపు తిరిగినప్పుడు నూనె ఇంజను పొడవు వెంబడి కదులుతుంది. జీపులలో, పికప్ వాహనాలలో ఇంజను నిలువుగా ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు పొడవు వెంబడి కదులుతుంది. తయారీదారులు చాంబరులో అడ్డు పలకలు పెట్టి ఈ కదలికను కొంత అరికడతారు.

నిర్మాణం, పనిచేసే విధానం

అక్యుములేటర్ సూత్రం కొత్తది కాదు. ఇంగ్లండులో విలియం ఆర్మ్‌స్ట్రాంగ్ 1850 ప్రాంతంలో రేవులలోని క్రేనులను నీటి పీడనంతో నడపటానికి పెద్ద బరువుల కింద నీటిని నిల్వ చేసే అక్యుములేటర్లు నిర్మించాడు. కార్ల అక్యుములేటర్‌లో బరువుకు బదులుగా నొక్కిన వాయువు ఉంటుంది. గొట్టం లోపల అటూ ఇటూ జరిగే ఒక పిస్టను ఉంటుంది. దానికి ఒక వైపు గాలి లేదా నత్రజని, మరొక వైపు ఇంజను నూనె. వాయువు వైపు టైరుకు ఉన్నటువంటి వాల్వు, పీడనం చూపే మీటరు ఉంటాయి. నూనె వైపు ఒక కవాటం, దానినుండి ఇంజనుకు పైపు. అమెరికాలో కాంటన్ సంస్థ అక్యుసంప్ పేరుతో అమ్మే పరికరం ఈ తరహాలో ప్రసిద్ధమైనది. అది 1, 2, 3 క్వార్టుల పరిమాణాలలో లభించింది. 3 క్వార్టులు అంటే సుమారు 2.8 లీటర్లు.

పని తీరు బాయిల్ నియమానికి చక్కని ఉదాహరణ. 2.8 లీటర్ల గొట్టం తీసుకుందాం. నూనె లేనప్పుడు వాయువును 0.5 బార్ పీడనానికి నింపారనుకుందాం. టైరులో "30 గాలి" అంటే సుమారు 2 బార్లు. దానితో పోలిస్తే ఇది చాలా తక్కువ. నియమాన్ని వర్తింపజేసేటప్పుడు వాతావరణ పీడనం 1 బార్ కలుపుకోవాలి కనుక ఇది 1.5 అవుతుంది. ఇంజను నడిచి నూనె పీడనం 4 బార్లకు చేరినప్పుడు లెక్కకు వచ్చేది 5. అప్పుడు వాయువు 2.8 × 1.5 ÷ 5 = 0.84 లీటరుకు కుదించుకుపోతుంది. మిగిలిన 1.96 లీటర్ల స్థలంలో నూనె చేరుతుంది. ఇప్పుడు పంపు ధార తెగి పీడనం 1.5 బార్లకు పడిపోయే వరకు చూస్తే, వాయువు 1.68 లీటర్లకు వ్యాకోచిస్తుంది. అంటే ఇంజనుకు అందిన నూనె 0.84 లీటరు. వాస్తవంలో వాయువు వేగంగా వ్యాకోచించి చల్లబడుతుంది కనుక అందేది ఇంకా కొంత తక్కువే.

ఈ 0.84 లీటరు ఎంతసేపు వస్తుంది? అధిక వేగంతో తిరిగే ఇంజను నిమిషానికి 20 లీటర్ల నూనె వాడుకుంటున్నదనుకుంటే, రెండున్నర సెకన్లు. నెమ్మదిగా తిరుగుతూ నిమిషానికి 5 లీటర్లు వాడుకుంటే పది సెకన్లు. ఇంతే దీని శక్తి. పందెపు మైదానంలో ఒక మలుపు దాటటానికి ఇది చాలు. పంపు చెడిపోయినా, చాంబరుకు చిల్లి పడినా ఇంటికి చేర్చటానికి చాలదు. దారి పక్కన ఆపి ఇంజను ఆర్పటానికి మాత్రం వ్యవధి ఇవ్వవచ్చు.

మరొక విషయం తరచుగా మరుగున పడుతున్నది. అక్యుములేటర్ సొంతంగా పీడనాన్ని పుట్టించదు. ఇంజను పంపు అంతకుముందు ఇచ్చిన పీడనమే దానిలో ఉంటుంది. బేరింగులు అరిగి, పంపు అరిగి, వేడెక్కగానే పీడనం పడిపోయే పాత ఇంజనుకు దీనిని తగిలిస్తే ఆ జబ్బు నయం కాదు.

అమరిక, వాడే పద్ధతి

ఫిల్టరుకూ ఇంజనుకూ మధ్య ఒక దళసరి బిళ్ళ వంటి అడాప్టరును బిగించి, దాని నుండి పైపు తీయడం సులభమైన పద్ధతి. అక్యుములేటర్ నుండి వచ్చే నూనె పంపు గుండా వెనుకకు చాంబరులోకి పోకుండా ఒక ఏకదిశా కవాటం తప్పనిసరి. ఇది లేకపోతే నూనె సులభమైన దారి చూసుకొని వెనక్కే పోతుంది. పైపు పొడవు ఎంత తక్కువైతే అంత మంచిది. లోపలి రంధ్రం సన్నగా ఉంటే నూనె సమయానికి అందదు.

కవాటం చేతితో తిప్పేది కావచ్చు, విద్యుత్తుతో పనిచేసేది కావచ్చు. చేతి కవాటమైతే క్రమం ముఖ్యం. ఇంజను ఆర్పే ముందు, పీడనం ఉండగానే కవాటం మూయాలి. అప్పుడు నూనె పీడనంతో లోపల నిలిచి ఉంటుంది. మరునాడు ముందుగా కవాటం తెరిచి, మీటరులో పీడనం కనిపించిన తరువాత సెల్ఫ్ కొట్టాలి. బేరింగులకు నూనె అందిన పిమ్మట ఇంజను తిరగడం మొదలవుతుంది. మూయడం మరచి ఇంజను ఆర్పితే నిల్వ ఉన్న నూనె అంతా మెల్లగా చాంబరులోకి దిగుతుంది. తెలియక డిప్ స్టిక్ చూసినవారికి నూనె ఎక్కువైనట్లు కనిపిస్తుంది. కంగారుపడి కొంత తీసివేస్తే అసలు ముప్పు అప్పుడు మొదలవుతుంది. విద్యుత్ కవాటాన్ని తాళంచెవితో అనుసంధానిస్తారు కనుక ఈ మరపుకు తావు తక్కువ. పీడనం ఒక నిర్ణీత స్థాయికి తగ్గినప్పుడు మాత్రమే తెరుచుకునే కవాటాలు కూడా ఉన్నాయి.

నూనె కొలత కూడా జాగ్రత్తగా చూడాలి. అక్యుములేటర్ నిండి ఉండగా చాంబరులో మామూలు మట్టం ఉండాలి. అంటే మొత్తం నూనె ఒకటి రెండు లీటర్లు అదనంగా పోయవలసి ఉంటుంది.

తిరుమల ఘాట్ రోడ్ల మీద

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో ప్రారంభమైనది. రెండవది 1970లలో వాడుకలోకి వచ్చిన తరువాత మొదటి దానిని కొండ దిగటానికి, రెండవ దానిని ఎక్కటానికి కేటాయించారు. దిగే దారి సుమారు 19 కిలోమీటర్లు, 36 పిన్ను మలుపులు గలది. ఎక్కే దారి సుమారు 18 కిలోమీటర్లు. ఇందులో అటువంటి మలుపులు ఆరేడు మాత్రమే.

ముందుగా ఏటవాలు సంగతి చూద్దాం. తిరుపతి సముద్ర మట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున, తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున ఉన్నాయి. 18 కిలోమీటర్లలో 690 మీటర్ల ఎత్తు అంటే సగటున 26 మీటర్లకు ఒక మీటరు. కోణంలో చెప్పాలంటే రెండు డిగ్రీల పైచిలుకు. కొన్ని చోట్ల దీనికి రెండు మూడు రెట్లు ఉన్నదనుకున్నా చాంబరులోని నూనె మట్టాన్ని అది పెద్దగా కదిలించదు. ఎక్కుతున్నప్పుడు కారు ముక్కు ఆకాశం వైపు ఉన్నట్లు తోచడం చాలావరకు కంటి భ్రమ.

ఇక మలుపులు. ఒక పిన్ను మలుపు వ్యాసార్ధం 15 మీటర్లు అనుకుందాం. కారు 20 కిలోమీటర్ల వేగంతో తిరిగితే త్వరణం గురుత్వంలో దాదాపు అయిదవ వంతు, నూనె మట్టం 12 డిగ్రీలు వంగుతుంది. మలుపు పూర్తి కావటానికి ఎనిమిదిన్నర సెకన్లు పడుతుంది. అదే మలుపును 30 కిలోమీటర్ల వేగంతో తిప్పితే మట్టం 25 డిగ్రీలు వంగుతుంది. వేగం ఒకటిన్నర రెట్లయితే త్వరణం రెండుంపావు రెట్లవుతుంది కదా. అయితే ఆ వేగంతో తిప్పితే నూనె సంగతి అటుంచి, వెనుక సీటులోని వారు ముందుగా ఒకరి మీద ఒకరు పడతారు, పిల్లలకు వాంతులవుతాయి. ఘాట్ రోడ్ల మీద వేగాన్ని అదుపు చేయటానికి తిరుమల తిరుపతి దేవస్థానం ప్రయాణానికి కనీస సమయం నిర్ణయించి, అంతకు ముందే గేటు చేరిన వాహనాలకు జరిమానా విధించే పద్ధతి పెట్టింది. ఆ నియమం పాటించే డ్రైవరు కారులో నూనె మట్టం ప్రమాదకరంగా వంగే అవకాశం లేదు.

40 సెంటీమీటర్ల పొడవు గల చాంబరులో 12 డిగ్రీల వంపుకు అంచుల వద్ద మట్టం నాలుగు సెంటీమీటర్లు మారుతుంది; మధ్యలో మారదు. పీల్చే మూతి మధ్యకు దగ్గరగా ఉండి, నూనె నిండుగా ఉంటే మూతి తేలదు. కాని చాంబరులో ఉండవలసిన నూనెలో లీటరున్నర తగ్గిందనుకుందాం. అప్పుడు మూతి మీద నూనె రెండు మూడు సెంటీమీటర్లే ఉండవచ్చు. ఆ స్థితిలో మామూలు మలుపు కూడా చాలు. ఘాట్ రోడ్డు మీద చెడిపోయిన ఇంజనును మలుపు చెడగొట్టినట్లు కనిపిస్తుంది. నిజానికి దానికి ముందు వందల కిలోమీటర్లలో తగ్గిన నూనె చెడగొట్టింది.

హైదరాబాదు నుండి తిరుపతికి సుమారు 560 కిలోమీటర్లు. బెంగుళూరు నుండి పలమనేరు, చిత్తూరు మీదుగా వస్తే సుమారు 250. పాత ఇంజను ఆ దూరంలోనే కొంత నూనె తాగుతుంది. ఎండాకాలంలో, ఎడతెరిపి లేని వేగంలో ఇంకా ఎక్కువ. దర్శనం వేళకు అందుకోవాలన్న తొందరలో తిరుపతిలో పెట్రోలు పోయించుకుంటారు, టైర్లలో గాలి చూసుకుంటారు, బానెట్ ఎత్తి డిప్ స్టిక్ చూడరు. అలిపిరి తనిఖీ వద్ద సామాను దింపి ఎక్కించడంతోనే సరిపోతుంది. కొండ ఎక్కే ముందు చదునైన చోట కారు ఆపి, ఇంజను ఆర్పి, అయిదు నిమిషాలు ఆగి చూస్తే చాలు. చాలా కార్లలో పై గీతకూ కింది గీతకూ మధ్య తేడా సుమారు ఒక లీటరు. పై గీతకు మించి పోయడం కూడా మంచిది కాదు. క్రాంకు షాఫ్టు నూనెను చిలికి నురగ చేస్తుంది.

కనుక తిరుమల ప్రయాణం కోసం మామూలు కారుకు అక్యుములేటర్ అమర్చుకోవడం అనవసరపు ఖర్చు. భాకరాపేట, మొగిలి ఘాట్లకు, మదనపల్లె దగ్గరి హార్సిలీ కొండ దారికి కూడా ఇదే మాట వర్తిస్తుంది.

దిగేటప్పుడు ఇంధనం ఆదా అవుతుందని ఇంజను ఆర్పి న్యూట్రల్‌లో వదిలేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇంజను ఆగితే నూనె అవసరం కూడా ఆగుతుంది గాని, బ్రేకుకూ స్టీరింగుకూ సహాయపడే శక్తి కూడా ఆగుతుంది. 36 మలుపుల దారిలో ఇది ప్రాణాంతకం. రెండవ గేరులో దిగితే ఇంజను తగినంత వేగంతో తిరుగుతుంది, పంపు బాగా పనిచేస్తుంది, బ్రేకులు కాగిపోవు.

ఎర్ర దీపం

డాష్ బోర్డు మీద పాతకాలపు నూనె డబ్బా బొమ్మతో ఒక ఎర్ర దీపం ఉంటుంది. దీనిని నూనె తగ్గిందని చెప్పే దీపంగా చాలామంది భావిస్తారు. ఇది చెప్పేది నూనె మట్టం కాదు, పీడనం. అదీ పీడనం దాదాపు 0.3 నుండి 0.5 బార్‌కు పడిపోయినప్పుడే సాధారణంగా వెలుగుతుంది. అంటే హెచ్చరిక అనటం కంటే జరిగిపోయిన దాని ప్రకటన అనటం సమంజసం. మలుపులో ఒక్క క్షణం వెలిగి ఆరిపోతే మూతి ఒకసారి తేలిందని అర్థం. వెలిగి అలాగే ఉంటే కొండెక్కాక చూద్దామనుకోరాదు; పక్కకు తీసి వెంటనే ఇంజను ఆర్పాలి. దీపానికి బదులుగా అంకెలు చూపే పీడన మీటరు పెట్టించుకోవడం అక్యుములేటర్ కంటే ఎంతో చవక, మామూలు కారుకు ఎంతో ఉపయోగం.

చాలా రోజులు నిలిచిన ఇంజను

అక్యుములేటర్‌కు రెండవ ఉపయోగం స్టార్టు చేసే ముందే బేరింగులకు నూనె అందించడం. ఇంజను ఆగి ఉన్న కాలంలో నూనె చాంబరులోకి జారిపోతుంది. స్టార్టు చేసినప్పుడు పంపు నూనె తోడి పైకి పంపే దాకా పాత తేమ మీదనే భాగాలు తిరగాలి. ఈ తొలి క్షణాలలో అరుగుదల ఎక్కువ అన్న మాట నిజం. ప్రకటనలలో కనిపించే శాతాలను మాత్రం యథాతథంగా తీసుకోనక్కరలేదు. మంచు కురిసే దేశాలలో నూనె చిక్కబడి పంపుకు త్వరగా అందదు గనుక అక్కడ ఈ ఉపయోగానికి విలువ ఎక్కువ. వేసవిలో 40 డిగ్రీలు దాటే తిరుపతిలో ఆ పరిస్థితి లేదు. తయారీదారు చెప్పిన పలుచని నూనె వాడి, స్టార్టు చేసిన వెంటనే గట్టిగా రేసు చేయకుండా ఉంటే రోజూ నడిచే కారుకు వేరే రక్షణ అక్కరలేదు.

నెలల తరబడి కదలని కారు సంగతి వేరు. కరోనా కారణంగా 2020 మార్చి 20 నుండి తిరుమలలో భక్తులకు దర్శనాలు నిలిచిపోయి, జూన్ నెలలో గాని మళ్ళీ మొదలు కాలేదు. యాత్రికుల మీద ఆధారపడిన అద్దె కార్లకు ఆ కాలంలో పని లేదు. విదేశాలలో ఉన్నవారు ఊరిలో వదిలి వెళ్ళిన కార్లదీ ఇదే స్థితి. ఇటువంటి ఇంజనుకు, అలాగే విప్పి మళ్ళీ బిగించిన ఇంజనుకు మొదటిసారి స్టార్టు చేసే ముందు నూనె అందించటం ఎంతో మంచిది. అక్యుములేటర్ ఉంటే కవాటం తెరిస్తే సరిపోతుంది. లేనివారు పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, ఇంజను అంటుకోకుండా సెల్ఫ్ కొట్టవచ్చు. ఒకసారికి అయిదారు సెకన్ల చొప్పున, మధ్య విరామమిస్తూ, ఎర్ర దీపం ఆరే వరకు కొట్టి, ఫ్యూజు పెట్టి స్టార్టు చేయాలి. దీనికి పైసా ఖర్చు లేదు. బ్యాటరీ మాత్రం నిండుగా ఉండాలి.

టర్బో చార్జరు గల డీజిలు ఇంజన్లలో ఆపేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. టర్బో షాఫ్టు నిమిషానికి లక్షకు పైగా తిరుగుతుంది. అది కూడా నూనె పొర మీదనే. నిండు బరువుతో కొండ ఎక్కి, చోటు దొరకగానే ఇంజను టక్కున ఆర్పితే, వేడెక్కిన టర్బో లోని నూనె కదలక నిలిచి మాడుతుంది. తెరిచి ఉంచిన అక్యుములేటర్ ఆర్పిన తరువాత కూడా కొంతసేపు నూనె పంపుతుంది కనుక కొందరు ఈ పని కోసమే దానిని అమర్చుకుంటారు. ఆర్పే ముందు ఒక నిమిషం ఇంజనును నిదానంగా తిరగనిస్తే అదే ఫలితం లభిస్తుంది.

నిజంగా అవసరమయ్యే చోటు

తిరుపతికి దగ్గరలోని పందెపు మైదానం తమిళనాడులో శ్రీపెరుంబుదూరు వద్ద ఇరుంగాట్టుకోట్టైలో ఉన్నది. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు నిర్వహించే ఈ మైదానం 1990లో ప్రారంభమైనది. అంతకుముందు పందేలు షోలవరంలోని పాత విమాన మార్గం మీద జరిగేవి. మామూలు కారు ఇంజనునే పదును పెట్టి, మంచి టైర్లు వేసి ఇటువంటి మైదానంలో తిప్పేవారికి అక్యుములేటర్ అర్థవంతమైన పరికరం. కారును తయారు చేసినవారు ఆ చాంబరును అంతటి మలుపుల కోసం రూపొందించలేదు. ర్యాలీలలో రాళ్ళ దారుల మీద ఎగిరి పడే వాహనాలకు కూడా ఇది పనికివస్తుంది.

అయితే ఇక్కడ కూడా ముందు చాంబరులో అడ్డు పలకలు, ఒకవైపే తెరుచుకునే చిన్న తలుపులు పెట్టించి, మూతి చుట్టూ నూనె నిలిచేలా చేయడం మొదటి పని. అక్యుములేటర్ తరువాతి రక్ష. పూర్తి పరిష్కారం డ్రై సంప్. ఇందులో చాంబరులో నూనె నిలవదు. వేరే పంపులు దానిని ఎప్పటికప్పుడు తోడి ఒక పొడవైన తొట్టికి చేరుస్తాయి, అక్కడి నుండి ఇంజనుకు పంపుతాయి. ఖర్చు ఎక్కువ, అమరిక క్లిష్టం.

అపాయాలు

అక్యుములేటర్ ఒక పీడన పాత్ర అన్న సంగతి మరువరాదు. దానిలో నూరు డిగ్రీలకు అటూ ఇటూగా కాగిన నూనె ఉంటుంది. పైపు చిట్లి ఆ నూనె పొగ గొట్టం మీద పడితే నిప్పంటుకుంటుంది. ఇంజనులో చోటు లేదని కొందరు దానిని సీట్ల వెనుక బిగిస్తారు. అప్పుడు కాగిన నూనె గల పైపు మనుషుల పక్కనుండి పోతుంది. ఫిల్టరు మార్చే మెకానిక్కుకు కారులో ఈ పరికరం ఉన్నదని ముందుగా చెప్పాలి. కవాటం తెరిచి ఉండగా ఫిల్టరు విప్పితే లీటరు నూనె ముఖాన చిమ్ముతుంది. నూనె మార్చినప్పుడు దీనిలోని పాత నూనెను కూడా ఖాళీ చేయాలి. ఇంజను ఒకసారి పట్టివేసి, లోహపు రజను నూనెలో కలిసి ఉంటే దీనిని విప్పి పూర్తిగా కడగకుండా కొత్త ఇంజనుకు తగిలించరాదు. పాత ఇంజను రజను కొత్త బేరింగులలోకి పోతుంది. వారంటీ ఉన్న కారుకు అమర్చితే వారంటీ చెల్లకపోయే అవకాశం ఉన్నది.

విద్యుత్తు వాహనాలకు ఈ చర్చ వర్తించదు. 2022 సెప్టెంబరు నుండి తిరుపతి, తిరుమల మధ్య ఏపీఎస్ఆర్టీసీ నడపనారంభించిన ఎలక్ట్రిక్ బస్సులలో ఇంజనూ లేదు, ఇంజను నూనే లేదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఇ పందెపు కార్లు కూడా ఈ కోవలోనివే. గేర్ల నూనె తప్ప వాటికి వేరే కందెన బెంగ లేదు.